మంచు నడిబొడ్డున ఒక శీతకాలం

గ్రీన్లండ్ అనే మాటకు పచ్చని నేల అని అర్థం. ఆ పేరు పెట్టినవారికి కనబడినవి సముద్రపు అంచున ఉన్న గడ్డిబీళ్ళు మాత్రమే. ఆ అంచు దాటి లోపలికి పోతే పచ్చదనం మాట అటుంచి మట్టి కూడా కంటికి ఆనదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల వైశాల్యాన్ని కలిపి ఆరు రెట్లు చేస్తే ఎంత అవుతుందో, అంతకు మించిన ప్రదేశాన్ని ఒకే ఒక మంచుపలక కప్పివేసి ఉంది. తీరం నుంచి లోపలికి పోయేకొద్దీ అది మెల్లమెల్లగా ఎత్తెక్కి, నడిమధ్యకు వచ్చేసరికి సముద్రమట్టానికి సుమారు 3,000 మీటర్ల ఎత్తున బల్లపరుపుగా పరచుకొని ఉంటుంది. ఎటు చూసినా ఆకాశం, మంచు తప్ప మూడవ వస్తువు లేదు.

1930 నాటికి ఈ పలకను ఈ తీరం నుంచి ఆ తీరానికి దాటినవారు కొందరు ఉన్నారు. నార్వే దేశస్థుడు నాన్సెన్ 1888లో దక్షిణ భాగాన దాటాడు. 1913లో డెన్మార్కుకు చెందిన కోక్, జర్మనీకి చెందిన వెగెనర్ మరి ఇద్దరితో కలిసి వెడల్పయిన చోట దాటారు. కాని వీరందరూ వేసవిలో దారిన పోయిన బాటసారులే. ఏరు దాటినవానికి తాను దిగిన చోట, దిగిన రోజున ఉన్న లోతు తెలుస్తుందిగాని ఏటి వరద సంగతి తెలియదు. మంచుపలక నడుమ ఒక సంవత్సరం పొడుగునా కూర్చుండి, చలిని, గాలిని, వాయుపీడనాన్ని వరుస తప్పకుండా కొలిచినవారు అప్పటికి ఒక్కరూ లేరు.

ఆ కొలతలు ఎందుకు కావలసివచ్చాయి? ఉత్తర అట్లాంటిక్ మీద పుట్టే తుఫానుల దారిని ఈ మంచుపలక ఎంతవరకు మళ్ళిస్తుందో అప్పటికి తేలలేదు. దాని మీది చల్లని బరువైన గాలి నిరంతరం నాలుగు దిక్కులకు జారిపోతూ ఉంటుందని, అందుచేత అక్కడ శాశ్వతమైన ప్రతిచక్రవాతం, అనగా అధికపీడన మండలం, ఉంటుందని అమెరికా భూవిజ్ఞాని హాబ్స్ వాదిస్తూ వచ్చాడు. యూరపు నుంచి అమెరికాకు విమానాలు నడపదలచినవారికి గ్రీన్లండ్ దగ్గరి దారి. వారికి ఆ వాదం నిజమో కాదో తెలియాలి. ఇక రెండవ ప్రశ్న: మంచు ఎంత మందం ఉన్నది? ఈ ప్రశ్న వెగెనర్‌కు మరీ ముఖ్యమైనది.

ఆల్ఫ్రెడ్ వెగెనర్ 1880 నవంబరు 1న బెర్లిన్‌లో జన్మించాడు. వృత్తిచేత వాతావరణ శాస్త్రజ్ఞుడు. ఆస్ట్రియాలోని గ్రాట్స్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడు. అయితే విద్యార్థులకు ఆయన పేరు పరిచయమయ్యేది భూగోళ పాఠంలో. ఖండాలు ఒకప్పుడు ఒకటిగా ఉండి తరువాత విడిపోయి కదలిపోయాయనే సిద్ధాంతాన్ని ఆయన 1912లో వెల్లడించాడు, 1915లో గ్రంథంగా ప్రకటించాడు. ఆయన చూపిన సాక్ష్యాలలో మన దేశానికి చెందినవి కూడా ఉన్నాయి. సింగరేణి బొగ్గు దొరికే గోదావరి లోయ శిలలు గోండ్వానా శ్రేణికి చెందినవి. ఆ శ్రేణి అడుగున, ఎండలు మండే ఈ నేలలోనే, ప్రాచీన హిమానీనదాలు ఈడ్చుకొనివచ్చిన రాళ్ళ పొరలు కనబడతాయి. అటువంటివే దక్షిణాఫ్రికాలోను, ఆస్ట్రేలియాలోను ఉన్నాయి. వెగెనర్ బ్రతికి ఉండగా ఈ సిద్ధాంతాన్ని పెక్కుమంది భూవిజ్ఞానులు త్రోసిపుచ్చారు.

ఖండాలు కదలాలంటే అవి కింద ఉన్న బరువైన పదార్థం మీద తేలుతూ ఉండాలి. తేలే వస్తువు మీద బరువు పెడితే అది కుంగాలి. గ్రీన్లండ్ నడుమ మంచు 3,000 మీటర్ల మందం ఉన్నదనుకొందాం. మంచు సాంద్రత 0.9, అడుగున ఉన్న పదార్థపు సాంద్రత 3.3 అయితే, ఆర్కిమిడీస్ సూత్రం ప్రకారం నేల సుమారు 800 మీటర్లు కుంగి ఉండాలి. కాబట్టి మంచు మందాన్ని కొలవడం ఒక పలక లోతును కొలవడంతో ముగిసే పని కాదు. భూమి పైపొర తేలుతున్నదా లేదా అన్నది కూడా ఆ కొలతతో తేలుతుంది.

జర్మన్ ప్రభుత్వ సహాయంతో నడిచే విజ్ఞాన పోషక సంఘం ధనమిచ్చింది. 71వ అక్షాంశం వెంబడి మూడు కేంద్రాలు నెలకొల్పాలని ఏర్పాటు: పడమటి తీరాన ఒకటి, తూర్పు తీరాన ఒకటి, రెండింటి నడుమ, పడమటి తీరానికి 400 కిలోమీటర్ల దూరాన ఇంకొకటి. ఈ నడిమి కేంద్రానికి ఐస్‌మిట్టె అని పేరు. మంచు నడుమ అని దాని అర్థం. అక్కడ ఇద్దరు శాస్త్రజ్ఞులు శీతకాలమంతా ఉండాలి. వారికి కట్టెలతో ముందుగా తయారుచేసిన ఒక ఇల్లు, ఒక రేడియో యంత్రం, తగినంత కిరసనాయిలు, ఆహారం చేర్చాలి. కాగితం మీద లెక్క సరిపోయింది.

లెక్కను మొదట తప్పించినది సముద్రం. 1930 మే నెలలో ఓడ చేరేసరికి పడమటి తీరపు అఖాతం ఇంకా గడ్డకట్టి ఉంది. సుమారు 100 టన్నుల సామగ్రితో నెలకు పైగా ఒడ్డుకు దూరాన వేచి ఉండవలసివచ్చింది. ఆ ప్రాంతంలో మంచుపలక మీద బండ్లు సుఖంగా నడిచే కాలం మూడు నెలలు. అందులో ఒక నెలకు పైగా ఇట్లా పోయింది. జూన్ మధ్యలో దిగిన తరువాత సామానునంతా హిమానీనదపు నిట్రంపు వాలు మీదుగా ఐస్లండ్ గుర్రాలతో ఎక్కించారు. వెనుక విమానపు రెక్కయంత్రం తిరిగి ముందుకు నెట్టే మోటారు స్లెడ్జి బండ్లు రెండు తెచ్చారు. వాటి మీదనే పెద్ద ఆశ. తీరా చూస్తే మెత్తని కొత్త మంచులో, ఎదురుగాలిలో అవి కదలలేదు. ఇల్లు, రేడియో, కిరసనాయిలులో అధికభాగం దారిలోనే నిలిచిపోయాయి. భారమంతా కుక్కలు లాగే బండ్ల మీద పడింది. కుక్కలు 400 కిలోమీటర్లు పోవాలంటే అవి తినే తిండిని కూడా అవే మోయాలి గనుక, గమ్యానికి చేరే సరుకు స్వల్పం.

యోహానెస్ గెయోర్గి అనే వాతావరణ శాస్త్రజ్ఞుడు జూలై 30న ఐస్‌మిట్టె చేరి డేరా వేశాడు. తెచ్చినవారు తిరిగిపోగా వారాల తరబడి ఒంటరిగా కొలతలు తీశాడు. ఈయన 1926లో ఐస్లండ్‌లో బెలూన్లు ఎగరవేసి, 10 కిలోమీటర్లకు పైన మహావేగంతో వీచే గాలులను గమనించిన తొలివారిలో ఒకడు. సెప్టెంబరు 13న ఎర్న్‌స్ట్ జోర్గె వచ్చి కలిశాడు. జోర్గె ఉద్యోగం బెర్లిన్‌లో పాఠశాల ఉపాధ్యాయత్వం. మంచు మీద ఆసక్తితో వెగెనర్ బృందంలో చేరినవాడు.

ఇద్దరూ కూర్చుండి ఉన్న సరుకును లెక్కచూచుకొన్నారు. ఇల్లు రాలేదు. రేడియో రాలేదు. కిరసనాయిలు శీతకాలానికి చాలదు. తిరిగిపోతున్న బండ్లవారి చేతికి వెగెనర్‌కు ఒక ఉత్తరమిచ్చారు: అక్టోబరు 20 లోగా మరి కొంత సరుకు రాకపోతే తాము చేతిబండ్లు లాగుకొంటూ కాలినడకన పడమటికి బయలుదేరుతామని. ఆ ఋతువులో కుక్కలు లేకుండా 400 కిలోమీటర్లు నడవడమంటే ప్రాణాలమీదికి తెచ్చుకోవడమే. వెగెనర్‌కు ఆ సంగతి బాగా తెలుసు.

ఉత్తరం పోయిన తరువాత ఐస్‌మిట్టెలో ఒక మార్పు జరిగింది. డేరాలో చలి భరించరానిదైనందున ఇద్దరూ మంచులోకి తవ్వుకొని ఒక గుహ చేసుకొన్నారు. అక్టోబరు 5న అందులోకి కాపురం మార్చారు. గ్రీన్లండ్ నడుమ పడే హిమం కరగదు. ఏటికేడు పేరుకొని, నొక్కుకొని, గింజకట్టిన పాతమంచు అవుతుంది. దీనిని ఫిర్న్ అంటారు. రంపంతో కోస్తే దిమ్మలుగా వస్తుంది. దాని గింజల నడుమ గాలి చిక్కుకొని ఉంటుంది కాబట్టి వేడిని తేలికగా పోనివ్వదు. దూది బొంత వెచ్చగా ఉండడానికి, ఫిర్న్ గుహ బయటికంటె వెచ్చగా ఉండడానికి కారణం ఒక్కటే. పడకలను కూడా ఫిర్న్‌లోనే అరుగులుగా మలచి, వాటిమీద జింకతోళ్ళ సంచులు పరచుకొన్నారు. వెచ్చదనమంటే మన అర్థంలో వెచ్చదనం కాదు. స్టవ్వు వెలిగినా గుహలో ఉష్ణమానం సున్నకు దిగువనే ఉండాలి, లేకపోతే గోడలు కరిగి కారతాయి. అయినా డేరాతో పోల్చితే అది భవనమే. ఉన్న కిరసనాయిలుతోనే పొదుపుగా ఇక్కడ శీతకాలం వెళ్ళదీయవచ్చునని గెయోర్గి, జోర్గె తీర్మానించుకొన్నారు. నడిచిపోయే ఆలోచన మానుకొన్నారు.

ఆ తీర్మానాన్ని 400 కిలోమీటర్ల అవతలికి చేరవేసే సాధనం వారివద్ద లేదు.

వెగెనర్ సెప్టెంబరు మూడవ వారం చివరలో పడమటి కేంద్రం నుంచి 15 బండ్లతో బయలుదేరాడు. వెంట వాతావరణ శాస్త్రజ్ఞుడు ఫ్రిట్జ్ లోవె, 13 మంది గ్రీన్లండ్ వాసులు ఉన్నారు. కొత్త మంచు మోకాలి లోతు పడింది. రోజుకు కొన్ని కిలోమీటర్లు సాగడమే గగనమయింది. గ్రీన్లండ్ వాసులు ఒక్కొక్కరే వెనుదిరిగారు. వారిది పిరికితనమని కొందరు రాశారుగాని అది న్యాయం కాదు. మంచుదేశంలో పుట్టి పెరిగినవారు ఆ ఋతువులో ఆ ఎత్తుకు పోరు, ఏలనంటే పోకూడదని వారి అనుభవం చెబుతుంది. చివరకు రాస్ముస్ విల్లుమ్సెన్ అనే ఇరవై రెండు, ఇరవై మూడేండ్ల యువకుడు ఒక్కడే మిగిలాడు. బండ్ల మీది సరుకును దారిపొడుగునా దించివేయవలసివచ్చింది. ఎందుకోసం బయలుదేరారో ఆ కిరసనాయిలే చేరదని తేలిపోయిన తరువాత కూడా వెగెనర్ ముందుకే పోయాడు. అక్టోబరు 20న ఆ ఇద్దరు కాలినడకన బయలుదేరి ఉంటారేమో, దారిలో ఎదురుపడితే కాపాడాలి అన్నది ఆయన ఆలోచన.

అక్టోబరు 30న, సుమారు 40 రోజుల ప్రయాణం తరువాత, ముగ్గురూ ఐస్‌మిట్టె చేరారు. దారిలో చలి సున్నకు దిగువ 50 డిగ్రీలు దాటింది. చేతిలో సరుకు ఏమీ లేదు. లోవె కాలివేళ్ళు మంచుదెబ్బ తిని చచ్చుబడి ఉన్నాయి. వెగెనర్ మాత్రం ఆరోగ్యంగానే ఉన్నాడు. గుహను చూచి ఎంతో సంతోషించాడు. ఐదుగురు శీతకాలం గడిపేందుకు తిండి చాలదు. లోవె కదలలేడు. అందుచేత రెండు రాత్రులు గడిపి నవంబరు 1న, తన యాభయ్యవ పుట్టినరోజున, వెగెనర్ విల్లుమ్సెన్‌తో కలిసి రెండు బండ్లు, 17 కుక్కలతో పడమటికి తిరిగి ప్రయాణమయ్యాడు. గుహలో ముగ్గురు మిగిలారు. ఇద్దరికే బొటాబొటిగా ఉన్న సరుకు ఇప్పుడు ముగ్గురికి సరిపోవాలి.

లోవె కాళ్ళకు కుళ్ళు పైకి పాకసాగింది. వైద్యుడు లేడు, మత్తుమందు లేదు, శస్త్రచికిత్స పరికరాలు లేవు. ఒక జేబుకత్తి, రేకులు కత్తిరించే కత్తెర ఉన్నాయి. వాటితోనే గెయోర్గి లోవె కాలివేళ్ళలో చాలావాటిని తీసివేశాడు. లోవె బ్రతికాడు. కాని నెలల తరబడి ఆ మంచు అరుగు మీద, తోలుసంచిలో, పడుకొనే ఉండవలసివచ్చింది.

నవంబరు చివరి వారంలో సూర్యుడు అస్తమించి మళ్ళీ జనవరి మూడవ వారం వరకు కనబడలేదు. మిట్టమధ్యాహ్నం దక్షిణాన కొంత వెలుగు తోచి ఆరిపోయేది. ఈ చీకటిలో రోజుకు మూడు పర్యాయాలు, వేళ తప్పకుండా, ఒకరు గుహ నుంచి పైకెక్కి, మంచుదిమ్మలతో కట్టిన బురుజు మీది పరికరాలను చూచి రావాలి. పాదరసం సున్నకు దిగువ 39 డిగ్రీల వద్ద గడ్డకడుతుంది. ఫిబ్రవరి నెల సగటే సున్నకు దిగువ 47 డిగ్రీలు అయినందున పాదరసపు ఉష్ణమాపకం అక్కడ కొరగాదు, సారాయితో నింపినవే వాడాలి. ఆ శీతకాలంలో అత్యల్ప ఉష్ణమానం సున్నకు దిగువ 65 డిగ్రీల దగ్గరకు పోయింది. అటువంటి చలిలో లోహాన్ని ఒట్టి చేతితో తాకితే చర్మం అతుక్కొనిపోతుంది. ఊపిరిలోని ఆవిరి పరికరాల మీద పొరలా గడ్డకడుతుంది. కాబట్టి ఊపిరి బిగబట్టి అంకె చదవాలి.

గుహలో కిరసనాయిలు కర్చు ఎందుకు ఎక్కువో పాఠశాల భౌతికశాస్త్రంతోనే లెక్కకట్టవచ్చు. సున్నకు దిగువ 20 డిగ్రీలున్న ఒక కిలోగ్రాము మంచును సున్నకు తేవడానికి 10 కిలోకాలరీలు, దానిని నీరుగా మార్చడానికి గుప్తోష్ణం 80 కిలోకాలరీలు, మొత్తం 90. ఆ నీరు మరగడానికి ఎంత కావాలి? 3,000 మీటర్ల ఎత్తున వాయుపీడనం తక్కువ గనుక నీరు 90 డిగ్రీలకే మరుగుతుంది. అంటే మళ్ళీ 90. మంచు నీరు కావడానికే సగం ఇంధనం పోతుందన్నమాట. పైగా 90 డిగ్రీల నీటిలో పప్పుదినుసులు ఉడకడానికి చాలాసేపు పడుతుంది. చుట్టూ కిలోమీటర్ల మందాన నీరు గడ్డకట్టి ఉండగా వారు దప్పికను కొలిచి తీర్చుకొన్నారు.

ఆ శీతకాలపు పనిలో అన్నిటికంటె ఆశ్చర్యం కలిగించేది జోర్గె తవ్విన బావి. గుహ నుంచే కిందికి తవ్వడం మొదలుపెట్టి నెలల తరబడి శ్రమించి 15 మీటర్ల లోతుకు పోయాడు. తవ్విన మంచును మెట్ల మీదుగా మోసి పైకి చేర్చాలి. ఒక్కొక్క లోతున దిమ్మను కోసి, కొలిచి, తూచి, సాంద్రత కట్టాడు. ఇది చూడడానికి కూలిపని. దీనివలన మూడు సంగతులు బయటపడ్డాయి.

పైన వదులుగా ఉన్న హిమం కిందికి పోయేకొద్దీ నొక్కుకొని బరువెక్కుతుంది, ఇది ఊహించదగినదే. అయితే వేసవి పొర గింజ లావుగా, వదులుగా ఉంటుంది, శీతకాలపు పొర సన్నగింజతో బిగువుగా ఉంటుంది. కాబట్టి చెట్టు మొదట్లో వలయాలను లెక్కించినట్లు బావి గోడ మీద ఏ యేడు ఎంత హిమం కురిసిందో లెక్కించవచ్చు. ఇది ఒకటి. లోతుకు పోయేకొద్దీ ఋతువుల వేడి, చలి చేరడం తగ్గి, పది పదిహేను మీటర్ల వద్ద ఉష్ణమానం సంవత్సరమంతా దాదాపు ఒకటిగానే ఉంటుంది, అది ఆ చోటి సగటు ఉష్ణమానమే. ఐస్‌మిట్టెలో అది సున్నకు దిగువ 30 డిగ్రీల దరిదాపు. అంటే ఒక సంవత్సరం కూర్చుండి కొలవవలసిన సగటును, లోతుగా ఒక రంధ్రం తవ్వి ఒక్క రోజులో తెలుసుకోవచ్చునన్నమాట. ఇది రెండవది. మూడవది నెమ్మదిగా ఆలోచించవలసినది. ఏటేటా ఒకే విధంగా హిమం పడుతూ, ఉష్ణమానం మారకుండా ఉంటే, ఉపరితలం నుంచి ఒక లోతున సాంద్రత ఎన్ని యేండ్లయినా మారదు. మంచు కిందికి దిగిపోతూనే ఉంటుంది, కాని ఐదు మీటర్ల లోతుకు ఎప్పుడు ఏ పొర వచ్చినా అదే సాంద్రతతో వస్తుంది. బడిలో పిల్లలు మారుతుంటారుగాని పదవ తరగతి పిల్లల ఈడు మారనట్లే. దీనిని 1954లో బాడెర్ అనే శాస్త్రజ్ఞుడు జోర్గె నియమమని పేర్కొన్నాడు. హిమశాస్త్రంలో నేటికీ ఆ పేరుతోనే వాడుతున్నారు.

గెయోర్గి కొలతలు మరో దిక్కు సమాధానం చెప్పాయి. మంచు మీది గాలికంటె కొన్ని వందల మీటర్ల పైనున్న గాలి వెచ్చగా ఉండడం తరచుగా కనబడింది. మంచు తన వేడిని ఆకాశంలోకి వెదజల్లి చల్లబడి, తనను ఆనుకొన్న గాలిని చల్లార్చడమే దీనికి కారణం. హాబ్స్ చెప్పిన జారుడు గాలి నిజమే. కాని అధికపీడనం శాశ్వతమనే మాట నిలువలేదు. నడిశీతకాలంలో సైతం పీడనం పడిపోయి, మబ్బులు కమ్మి, గాలివానవంటి మంచువాన వచ్చిపోయిన రోజులు లెక్కలో ఉన్నాయి. అల్పపీడనాలు మంచుపలక మీదికి కూడా ఎక్కివస్తాయని తేలింది. సంవత్సరంలో ఒక్క నెల కొలతలు లేకపోయినా ఈ మాట ధైర్యంగా చెప్పడానికి వీలుండేది కాదు.

ఈ ఆరు నెలలూ గుహలోని ముగ్గురు వెగెనర్ క్షేమంగా తీరం చేరాడనే అనుకొన్నారు. పడమటి కేంద్రంలోనివారు వెగెనర్ ఐస్‌మిట్టెలోనే శీతకాలం గడుపుతున్నాడని అనుకొన్నారు. నవంబరు, డిసెంబరు గడచినా ఆయన రాకపోతే అంతకంటె ఏమనుకొంటారు? 1931 మే 7న తీరం నుంచి బండ్లు ఐస్‌మిట్టె చేరినప్పుడు ఇరుపక్షాలవారూ ఒకరినొకరు అడిగిన ప్రశ్న ఒక్కటే. జవాబు ఇరువురివద్దా లేదు.

వెంటనే వెదకసాగారు. పడమటి తీరానికి 189 కిలోమీటర్ల దూరాన, నడిదారిలో, వెగెనర్ మంచుచెప్పులు నిలువుగా గుచ్చి కనబడ్డాయి. వాటినే స్కీలు అంటారు. మే 12న అక్కడ తవ్వగా జింకతోలు మీద, నిద్రసంచి గుడ్డలో జాగ్రత్తగా కుట్టి ఉంచిన ఆయన దేహం దొరికింది. గాయాలు లేవు. శక్తికి మించిన శ్రమ వలన గుండె ఆగి మరణించాడని నిర్ణయించారు. అంత పొందికగా పాతిపెట్టినవాడు విల్లుమ్సెన్. అతడు వెగెనర్ దినచర్య పుస్తకం తీసుకొని పడమటికి సాగిపోయాడు. అతడు గాని, ఆ పుస్తకం గాని నేటివరకు కనబడలేదు. వెగెనర్ పేరు ప్రతి భూగోళ గ్రంథంలోను ఉంది. ఆ చలిలో ఒంటరిగా ఒక శాస్త్రజ్ఞునికి అంత్యక్రియ చేసి, ఆయన రాతలను కాపాడబోయిన ఈ యువకుని పేరు ఉన్న పాఠ్యపుస్తకాలు అరుదు.

తరువాత జర్మనీలో తగవు బయలుదేరింది. గెయోర్గి, జోర్గె పంపిన ఉత్తరమే వెగెనర్ చావుకు కారణమని నిందించినవారు ఉన్నారు. గెయోర్గి జీవితాంతం ఆ నిందకు బదులు చెప్పుకోవలసివచ్చింది. ఉత్తరం రాసిన నాటి లెక్క తప్పు కాదు. గుహ అంత కాపుదలనిస్తుందని అప్పటికి వారికి తెలియదు. తెలిసిన తరువాత చెప్పేందుకు రేడియో లేదు. రేడియో లేకపోవడానికి మోటారు బండ్లు, అవి ఆలస్యం కావడానికి అఖాతంలోని మంచు కారణం. ఇన్ని కారణాల గొలుసులో ఒక ఉత్తరాన్ని మాత్రమే విడదీసి నేరం మోపడం సరికాదు. అక్కరలేని సామగ్రిని తగ్గించి రేడియోను మొదటి బండ్లలోనే పంపి ఉంటే బాగుండేదనడానికి మాత్రం ఆస్కారముంది. అది వెగెనర్‌తో సహా అందరి నిర్ణయం.

దుర్వార్త తెలిసిన తరువాత కూడా గెయోర్గి ఐస్‌మిట్టెను వదలలేదు. సంవత్సరపు కొలతలు పూర్తి అయ్యేవరకు వేసవిలోనూ అక్కడే ఉన్నాడు. వెగెనర్ అన్న కుర్ట్ వచ్చి బృందానికి నాయకత్వం వహించాడు. జోర్గె, వోల్కెన్ కలిసి మందుగుండు పేల్చి మంచు మందం కొలిచారు. పేలుడు తరంగం మంచులో సెకనుకు సుమారు 3,700 మీటర్ల వేగంతో పోయి, అడుగు రాతికి తగిలి తిరిగి వస్తుంది. తిరిగివచ్చిన కాలాన్ని బట్టి లోతు కట్టవచ్చు. రెండున్నర కిలోమీటర్లకు మించిన మందం తేలింది. 1949 నుంచి 1951 వరకు దాదాపు అదే చోట కేంద్రం పెట్టిన ఫ్రెంచివారి కొలతలు అది 3 కిలోమీటర్లకు దగ్గరని చూపాయి. ఉపరితలం ఎత్తు కూడా అంతే గనుక, నడిమి నేల సముద్రమట్టానికి దరిదాపుల్లోనే ఉన్నదని, చుట్టూ తీరపు కొండలు గట్టులా ఉండగా గ్రీన్లండ్ ఒక పెద్ద తట్టవలె కుంగి ఉన్నదని స్పష్టమయింది. తేలే ఖండాల మాట ఇట్లా బలపడింది. ఖండాలు కదలుతాయన్న మాటను మాత్రం లోకం 1960 తరువాత, సముద్రగర్భ పరిశోధనలతోనే ఒప్పుకొంది.

మంచుపొరలను లెక్కించే పని జోర్గె బావితో ఆగలేదు. 1966లో గ్రీన్లండ్ వాయవ్యాన క్యాంప్ సెంచరీ వద్ద అమెరికన్లు 1,387 మీటర్లు తొలిచి అడుగు నేలను తాకారు. 1992లో ఐస్‌మిట్టెకు సుమారు 200 కిలోమీటర్ల ఉత్తరాన యూరపు శాస్త్రజ్ఞులు 3,029 మీటర్ల మంచుకడ్డీని పైకి తీశారు. అందులో చిక్కిన గాలిబుడగలు లక్ష సంవత్సరాల నాటి వాయుగోళాన్ని నిలువ చేసి ఉంచాయి. ఈ మంచుపలక పూర్తిగా కరిగితే ప్రపంచ సముద్రాల మట్టం 7 మీటర్లు పెరుగుతుంది. అందుచేత 1930 నాటి ఉష్ణమానపు పట్టిక నేటివారికి పోల్చి చూచుకొనేందుకు అక్కరకు వస్తున్నది. పోల్చడానికి అంతకు ముందుది మరొకటి లేదు.

ధ్రువప్రాంతపు శీతకాల నివాసాలు ఆ తరువాత పెరిగాయి. 1957లో దక్షిణ ధ్రువం వద్ద 18 మంది అమెరికన్లు తొలిసారిగా శీతకాలం గడిపారు. అక్కడ చలి సున్నకు దిగువ 74 డిగ్రీలకు పోయిందిగాని, వారికి రేడియో ఉంది, విమానాలు జారవిడిచిన ఇంధనం ఉంది. 1984లో భారతీయులు అంటార్కిటికాలోని దక్షిణ గంగోత్రి కేంద్రంలో మొదటి శీతకాలం గడిపారు. ఆ కేంద్రం క్రమంగా మంచులో కూరుకొనిపోయింది, దాని బదులు మైత్రి, 2012లో భారతి ఏర్పడ్డాయి. మంచు మీద కట్టినది మంచు కిందికి పోతుందన్న సంగతి ఐస్‌మిట్టె గుహవాసులకు తెలిసినదే.

ముగ్గురిలో జోర్గె 1946లో, గెయోర్గి 1972లో మరణించారు. లోవె యూదుడు కావడంచేత నాజీల కాలంలో జర్మనీ వదలి 1934లో ఇంగ్లండుకు, 1937లో ఆస్ట్రేలియాకు పోయాడు. మెల్బోర్న్ విశ్వవిద్యాలయంలో వాతావరణశాస్త్ర శాఖను నెలకొల్పి ఎందరినో తీర్చిదిద్దాడు. వేళ్ళు పోయిన కాళ్ళతోనే 1951లో ఫ్రెంచివారి వెంట అంటార్కిటికాకు పోయి, గాలికి పేరుపొందిన అడేలీ తీరాన పోర్ట్ మార్టిన్ కేంద్రంలో మరొక శీతకాలమంతా ఉండి, గాలి కొట్టుకొనిపోయే మంచు ఎంతో కొలిచాడు.